సైకాలజిస్టుల బోర్డు మీద రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

కెనడాకు చెందిన జోర్డన్ పీటర్సన్ ప్రసంగాలు మన కాలేజీ పిల్లల ఫోన్లలోనూ వినిపిస్తున్నాయి. ఆయన 1998 నుంచి టొరంటో విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్‌గా పనిచేశారు, క్లినికల్ సైకాలజిస్టుగా రోగుల్నీ చూశారు. 2018లో వచ్చిన వ్యక్తిత్వ వికాస పుస్తకంతో ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నారు.

ఆ తర్వాత జరిగింది మన దగ్గర పెద్దగా చర్చకు రాలేదు. సోషల్ మీడియాలో ఆయన వ్యాఖ్యలపై ఫిర్యాదులు వస్తే, లైసెన్సు ఇచ్చిన ఒంటారియో కాలేజ్ ఆఫ్ సైకాలజిస్ట్స్ 2022 నవంబరులో ఆయన్ని శిక్షణకు వెళ్లమంది. బహిరంగంగా మాట్లాడేటప్పుడు వృత్తి మర్యాద ఎలా పాటించాలన్నదే ఆ శిక్షణ. అప్పటికే ఆయన రోగుల్ని చూడటం మానేశారు, లైసెన్సు మాత్రం ఉంది. కోర్టుకెళ్లారు. 2023 ఆగస్టులో డివిజనల్ కోర్టు ఆ ఆదేశం సబబేనంది. 2024 జనవరిలో పై కోర్టు అప్పీలు వినడానికే ఒప్పుకోలేదు. ఇది నోరు నొక్కడమే అనేవాళ్ల భయాన్ని నేను కొట్టిపారేయను. రాజకీయాలు మాట్లాడినందుకు ఎవరి లైసెన్సూ పోకూడదు. అయినా, ఎంత పేరున్న మనిషినైనా పిలిచి అడిగే సంస్థ ఒకటి ఉండటం రోగులకు పెద్ద అండ.

మన దేశంలో భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ)లో నమోదు కాకుండా క్లినికల్ సైకాలజిస్టుగా ప్రాక్టీసు చేయడం 1992 చట్టం ప్రకారం నేరం. శిక్ష ఏడాది వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. వెయ్యి రూపాయలు! హైదరాబాద్‌లో చాలాచోట్ల ఒక్క సిట్టింగ్ ఫీజే అంత ఉంటోంది. ఇలాంటి చట్టానికి భయపడేదెవరు? చిన్న సర్టిఫికెట్ కోర్సు చేసినవాళ్లూ, వేదికల మీద ప్రసంగాలు చేసేవాళ్లూ కూడా 'సైకాలజిస్ట్' అని బోర్డు పెట్టేసుకుంటున్నారు. పరీక్షల టెన్షన్‌లో ఉన్న పిల్లలకు ధైర్యం చెప్పే మాట అవసరమే. కానీ రాత్రిళ్లు నిద్రపట్టక, చచ్చిపోవాలనిపిస్తోందని చెప్పే పిల్లాడికి ఆ ఒక్క మాట సరిపోదు. మామూలు దిగులేదో, డిప్రెషన్ ఏదో, ఎవరిని వెంటనే సైకియాట్రిస్టు దగ్గరికి పంపాలో శిక్షణ పొందినవాళ్లకే తెలుస్తుంది. కంగారులో ఉన్న తల్లిదండ్రులు ఇవన్నీ ఎక్కడ ఆరా తీస్తారు? టీవీలో కనిపించే సార్ కదా అని తీసుకెళ్తారు.

క్లినికల్ సైకాలజిస్టుల్ని నమోదు చేసి, ఆ జాబితా ప్రకటించే బాధ్యతను 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థలకు అప్పగించింది. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ ఆ జాబితాను జిల్లాలవారీగా, తెలుగులో, ప్రభుత్వాసుపత్రుల్లోనూ జూనియర్ కాలేజీల నోటీసు బోర్డుల మీదా అందరికీ కనబడేలా పెట్టాలి. దాని పక్కనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 కూడా ఉండాలి. ఆ ఫోన్ ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు. క్లినిక్ బోర్డు మీద, యూట్యూబ్ ఛానల్‌లో రిజిస్ట్రేషన్ నంబరు వేయడం తప్పనిసరి చేయాలి.

పత్రికలకూ ఒక విన్నపం. మానసిక సమస్యలకు జవాబులిచ్చే శీర్షికల్లో నిపుణుల పేరు కింద వారి రిజిస్ట్రేషన్ నంబరు వేయండి. ప్రభుత్వ ఉత్తర్వు కోసం ఎదురుచూడకుండా వచ్చే వారం నుంచే ఈ పని మొదలుపెట్టవచ్చు.

— విశ్రాంత జూనియర్ కళాశాల అధ్యాపకురాలు, ఖమ్మం