జూన్ 12 పొద్దున మా కారు ఒక్క సెల్ఫ్‌కే అందుకుంది

ఈ నెల 12న బడులు తెరిచారు. ఆ రోజు పొద్దున ఏడుంబావుకి నాన్నకి టిఫిన్ పెట్టి, కారెక్కి తాళం తిప్పాను. ఒక్క సెల్ఫ్‌కే ఇంజను అందుకుంది. ఎదురింటి అరుగు మీద పేపరు చదువుకుంటున్న మామ తలెత్తి చూసి చెయ్యి ఊపారు. నేనూ చెయ్యి ఊపి బయల్దేరాను. ఆయనకి నోటితో చెప్పలేకపోయిన మాటలు, ఆయనతోపాటు ఇంకా కొందరికి చెప్పాల్సిన మాటలు ఇక్కడ రాస్తున్నాను.

మాది కావలి. నేను ఇక్కడికి పద్దెనిమిది కిలోమీటర్ల దూరంలో ఒక పల్లెలో ప్రాథమిక పాఠశాల టీచర్ని. నాన్నకి పక్షవాతం వచ్చి మూడేళ్లయింది. నెలకి రెండు సార్లు నెల్లూరుకి తీసుకుపోవాలి. ఆయన్ని బస్సు మెట్లెక్కించడం నా ఒక్కదాని వల్ల కాదు. అందుకని 2023 మొదట్లో 62 వేలు పెట్టి 2007 మోడలు మారుతి 800 కొన్నాను. ఏపీ 26 నంబరు, వెండి రంగు, 796 సీసీ, మూడు సిలిండర్ల బండి. 15 ఏళ్లు నిండినప్పుడు పాత ఓనరు 5,000 ఫీజు కట్టి ఆర్సీ రెన్యువల్ చేయించి ఉన్నారు. ఈ బండి నాకు షోకు కాదు. అది కదిలితేనే నా ఉద్యోగం, నాన్న వైద్యం రెండూ కదుల్తాయి.

ఈ ఏడాది ఒంటిపూట బడులప్పుడు మొదలైంది బాధ. పొద్దున బాగానే స్టార్టయ్యేది. మధ్యాహ్నం ఎండలో నిలబెట్టిన బండి దగ్గరికొచ్చి తాళం తిప్పితే 'టక్' అని ఒక్క చప్పుడు, అంతే. మళ్లీ తిప్పితే మళ్లీ 'టక్'. ఊళ్లోవాళ్లు తోస్తే సెకండ్ గేరులో క్లచ్ వదిలి స్టార్ట్ చేసుకుని వచ్చేదాన్ని. ఒక షెడ్డులో చూపిస్తే బ్యాటరీ పోయిందన్నారు. కొత్తది వేయించాను. పది రోజులు బాగుంది, మళ్లీ అదే చప్పుడు. ఈసారి ఇంజనుని తిప్పి స్టార్ట్ చేసే సెల్ఫ్ మోటారు పోయింది, మార్చాలి, నాలుగున్నర వేలవుతుంది అన్నారు.

మే నెలలో నాన్నని నెల్లూరులో చూపించుకుని వస్తూ కొడవలూరు దాటాక మంచినీళ్ల కోసం ఆపాను. ఇంజను ఆపడం నా పొరపాటు. రోహిణి కార్తె ఎండ, హైవే పక్కన చెట్టు నీడ కూడా లేదు, వెనక సీట్లో నాన్న. అరగంట తర్వాత తమిళనాడు నంబరున్న లారీ ఒకటి ఆగింది. డ్రైవరు, క్లీనరు దిగి ఏం అడక్కుండా తోశారు. బండి స్టార్టయ్యాక ఆపితే మళ్లీ ఆగిపోతుందేమోనని భయపడి, కిటికీలోంచి చెయ్యెత్తి దండం పెట్టి వచ్చేశాను. వాళ్ల పేర్లు కూడా అడగలేదు. మీకు నా మొదటి కృతజ్ఞతలు అన్నా, మీ ఇద్దరికీ.

ఆ సాయంత్రం ఇంటి ముందు మళ్లీ తాళం తిప్పి చూస్తుంటే మామ చప్పుడు విని లేచి వచ్చారు. ఆయన ఆర్టీసీ గ్యారేజీలో ముప్పై ఏళ్లకి పైగా మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. ఎదురింట్లోనే ఉన్నా నేను ఏ రోజూ అడగలేదు. పెద్దాయన, మోకాళ్ల నొప్పులు, ఈ వయసులో నా పనికి వంచడం ఏంటని. ఆయనే అడిగారు, "ఎన్నాళ్ల నుంచి అంటోందమ్మే ఆ మాట?" అని. బ్యాటరీ సంగతి, సెల్ఫ్ మోటారు సంగతి చెప్పాను. "మోటారు మార్చబాక. రేపు పొద్దున ఎండ ఎక్కకముందు చూద్దాం" అన్నారు.

మర్నాడు ఆరింటికల్లా వోల్టులు కొలిచే మల్టీమీటరు, రెండు కొసలా క్లిప్పులున్న జంపర్ కేబుల్ పట్టుకొచ్చారు. బోనెట్ ఎత్తి, పని మొదలుపెడతారనుకుంటే మీటరు నా చేతికిచ్చారు. "నువ్వు పట్టుకో, నేను చెప్తా" అన్నారు. బ్యాటరీ రెండు టెర్మినళ్ల మీద పెడితే 12.6 వోల్టులు వచ్చింది. బ్యాటరీ నిండుగా ఉందని దానర్థం. తర్వాత మా అమ్మాయిని డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, గేరు న్యూట్రల్‌లో ఉందో లేదో తానే రెండు సార్లు ఊపి చూసి, హ్యాండ్ బ్రేకు వేయించి, సెల్ఫ్ కొట్టమన్నారు. మీటరు నల్ల ముల్లు బ్యాటరీ మైనస్ మీద, ఎర్ర ముల్లు ఇంజను మీద శుభ్రంగా ఉన్న ఇనుము మీద పెట్టించారు. తాళం తిప్పగానే 'టక్' మంది, మీటరులో 3.2 పడింది.

"ఇక్కడ సున్నా దగ్గర్లో ఉండాల. అర వోల్టు దాటకూడదు" అన్నారు మామ. ఆయన చెప్పింది నాకు అర్థమైనంతలో ఇది. సెల్ఫ్ మోటారుకి కరెంటు ఎర్ర వైరులో వెళ్తుంది, ఇంజను ఇనుము మీదుగా, ఎర్త్ వైరు మీదుగా తిరిగి బ్యాటరీ మైనస్‌కి రావాలి. ఆ తిరిగొచ్చే దారి తుప్పు పట్టి ఉంటే బ్యాటరీ ఎంత కొత్తదైనా మోటారుకి బలం చాలదు. మూడు వోల్టులు దారిలోనే ఖర్చయిపోతున్నాయి. ఎండకి, ఇంజను వేడికి ఆ అడ్డం ఇంకాస్త పెరుగుతుంది. అందుకే పొద్దున సరే, మధ్యాహ్నం లేదు. బడిలో పిల్లలకి బల్బు, బ్యాటరీ, వైరు బొమ్మ గీసి వలయం తెగితే బల్బు వెలగదని ఏటా చెప్తాను. అదే పాఠం రెండు నెలలు నా బండిలోనే ఉంది.

అప్పుడు జంపర్ కేబుల్ ఒక కొస బ్యాటరీ మైనస్‌కి, రెండో కొస ఇంజనుని ఎత్తడానికి ఉండే కొక్కేనికి తగిలించమన్నారు. తగిలించాను. అమ్మాయి తాళం తిప్పింది. 'టక్' అనే చప్పుడే లేదు, ఇంజను ఒక్కసారిగా తిరిగింది. నేను ఏడ్చాను. మామ అటు తిరిగి కేబుల్ చుట్టుకుంటూ నిలబడ్డారు.

బ్యాటరీ మైనస్ నుంచి గేరుబాక్సుకి పోయే ఎర్త్ వైరు విప్పితే గేరుబాక్సు బోల్టు దగ్గర అంతా తుప్పు. వైరు తొడుగు కోస్తే లోపల రాగి తీగల నిండా పచ్చటి చిలుము. మనది సముద్రానికి దగ్గర, ఉప్పు గాలి, అది పైకి కనపడకుండా లోపల తినేస్తుంది. బజారులో ఆటో ఎలక్ట్రికల్ షాపాయన పాత వైరు మందం, పొడవు కొలిచి, కొత్త వైరుకి రెండు కొసలా లగ్గులు, అంటే బోల్టుకి తగిలించే రింగులు, గట్టిగా నొక్కి ఇచ్చారు. 280 రూపాయలు. బోల్టు కూర్చునే చోటు గరుకు కాగితంతో లోహం మెరిసేదాకా నా చేతనే రుద్దించారు మామ. బిగించాక పైన వ్యాజలైన్ పూయించారు. విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర అని మూడు సార్లు చెప్పించారు. మైనస్ ఉండగా ప్లస్ విప్పితే, స్పానరు పక్కనున్న బాడీకి తగిలినప్పుడు మంట లేస్తుందట. మళ్లీ మీటరు పెడితే 0.15. ఆ అంకె మా అమ్మాయి తన నోటుబుక్కులో తేదీ వేసి రాసుకుంది.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. మామ కారు లోపలికి వంగి, "ఈ వాసనేందమ్మే?" అన్నారు. తడిసిన చాప వాసన. నేను అలవాటు పడిపోయాను. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మా వీధిలో నీళ్లు నిలిచి, కారు తలుపుల కింది అంచుదాకా మునిగింది. నీళ్లు పోయాక పైన తుడిచి, ఎండబెట్టి, అంతా బాగుందనుకున్నాను. కార్పెట్ ఎత్తి చూడాలని తెలియదు.

ముందు సీట్ల బోల్టులు విప్పి సీట్లు బయట పెట్టాం. కార్పెట్ ఎత్తితే కింద మెత్తటి పరుపు లాంటిది ఉంటుంది, అది ఏడాదిన్నర తర్వాత కూడా చెమ్మగానే ఉంది, కింద బురద. డ్రైవరు పాదాల దగ్గర మామ స్క్రూడ్రైవరుతో పొడిస్తే రేకులోంచి కిందికి దిగిపోయింది. నేల కనపడింది. ఆ చోట రోజూ నా మడమ ఆనించి కూర్చుంటున్నాను. అది చూసినప్పుడు కలిగిన భయం ఎండలో హైవే మీద కూడా కలగలేదు.

ఈ పని నాలుగు రోజులు పట్టింది. రేకు అడుగున ఉండే రబ్బరు బిరడాలు బురదతో గట్టిపడిపోయి ఉంటే ఊడబీకి, మిగిలిన నీటిని కిందికి వదిలేశాం. వైరు బ్రష్షుతో తుప్పు రాల్చడం నా వంతు. ముక్కుకి గుడ్డ, కళ్లకి అద్దాలు లేకుండా మామ ఒప్పుకోలేదు. కారు కింద చూడాల్సి వచ్చినప్పుడు జాకీ ఒక్కటే పెట్టి నేను వంగబోతే, ఎప్పుడూ గొంతు పెంచని మనిషి గట్టిగా అరిచారు, "జాకీని నమ్మి దూరబాక!" అని. జాకీ జారి మనిషి నలిగిపోవడం తన సర్వీసులో చూశానన్నారు. తాటి దూలం మొద్దులు అడ్డంగా పేర్చి, విప్పిన చక్రాన్ని కూడా అంచు కింద పడుకోబెట్టి, బండిని చేత్తో ఊపి చూశాకే నన్ను వంగనిచ్చారు. ఇంట్లో బండి బాగుచేసుకునేవాళ్లు ఈ ఒక్కటీ గుర్తుపెట్టుకోండి.

బొక్కలు పడ్డ చోట రేకు అతికించడానికి టింకరింగ్ తమ్ముడు ఇంటికే వచ్చాడు. కారు తేలేని పరిస్థితి చెప్తే, "అక్కా, మీరు మా పాపకి చదువు చెప్తున్నారు, నేను రాకుండా ఉంటానా" అన్నాడు. ఆ పాప ఎవరో నాకు అప్పుడు తెలిసింది. వెల్డింగ్ పెట్టకముందు బ్యాటరీ వైర్లు రెండూ విప్పించాడు, ఈ మోడలులో ఇంజనుకి చిన్న కంప్యూటరు ఉంటుంది, అది కాలిపోతుందని. అడుగున పెట్రోలు పైపు, బ్రేకు పైపు ఎటు పోతున్నాయో చూసుకుని, తడి గోనెసంచులు, ఇసుక బక్కెట్టు దగ్గర పెట్టుకుని అప్పుడు మొదలుపెట్టాడు. కుళ్లిన రేకు కోసి కొత్త రేకు అతికాడు. 3,500 తీసుకున్నాడు, అడిగినా ఒక్క రూపాయి ఎక్కువ తీసుకోలేదు. దాని మీద రెడ్ ఆక్సైడ్ రెండు పూతలు, అతుకులకి సీలెంటు, అడుగున డాంబర్ కోటింగ్ మేమే వేసుకున్నాం. కొత్త కార్పెట్ నేను కొనలేదు. పాతది ఉతికి డాబా మీద మూడు రోజులు ఎండబెట్టాం. మే ఎండ మొదటిసారి మాకు పనికొచ్చింది.

రేడియేటర్ సంగతి తొందరగా అయిపోయింది. ఇన్నాళ్లూ బోరు నీళ్లే పోస్తున్నాను, లోపలంతా తెల్లగా పేరుకుంది. కడిగించి, ఇంజనుని చల్లబరిచే కూలెంటుని డిస్టిల్డ్ వాటర్‌తో కలిపి పోశాం. మూత రబ్బరు కూడా ఎండిపోయి ఉంది. మూత మీద 0.9 అని ఉండేది అది పట్టి ఉంచే ఒత్తిడి అనీ, ఆ ఒత్తిడి ఉంటే లోపలి నీళ్లు వంద డిగ్రీలకే మరిగిపోకుండా ఇంకో పదిహేను, ఇరవై డిగ్రీలు ఆగుతాయనీ నాకు తెలియదు. మూత మామూలు మూతే అనుకున్నాను. ఇంజను వేడిని బట్టి ఆ నీళ్లని వదిలే థర్మోస్టాట్ కూడా కొత్తది వేశాం.

2014 జనవరిలోనే ఈ కారు తయారీ ఆపేశారు కదా, సామాన్లు దొరుకుతాయా అని భయపడ్డాను. నెల్లూరులో స్పేర్ పార్టుల షాపాయన నవ్వి, ఓమ్నీ వ్యానుకి కూడా ఇదే ఇంజనమ్మా, ఇంకా చాలా ఏళ్లు దొరుకుతాయి అన్నారు. నేను అడిగిన ఖరీదైన మూత వద్దని, సరైనది తీసిచ్చారు. మీకూ కృతజ్ఞతలు.

మొత్తం ఖర్చు 7,080 రూపాయలు. మామ ఒక్క రూపాయి తీసుకోలేదు. పంచె పెడతానంటే, "పంచె వద్దు, బండి కింద చూడ్డం ఆపబాక" అన్నారు. అత్త రోజూ పదింటికి కుండలో మజ్జిగ పంపారు. ఉలవపాడు మామిడిపండ్లు కోసి ప్లేటు మా అమ్మాయి చేతికిచ్చి, గ్రీజు చేతులతో ఉన్న నాకు తినిపించమన్నారు. పక్కింటి వదిన ఎక్స్‌టెన్షన్ వైరు నాలుగు రోజులు మాకే వదిలేసింది. నేను బయట పనిలో ఉన్నంతసేపూ నాన్న పక్కన కూర్చుని పేపరు చదివి వినిపించిన ఇంటర్ కుర్రాడికి ఏం చెప్పాలో తెలియడం లేదు. అమ్మ పోయాక నాన్నకి అలా ఎవరూ చదివి వినిపించలేదురా అబ్బయ్యా.

మామా, మీరు పేపరు తప్ప ఫోను చూడరు కాబట్టి దీన్ని ప్రింటు తీసి అత్తకి ఇస్తాను. మీరు ఒక గంటలో ఒంటరిగా చేసేయగల పని నా చేత మూడు గంటలు చేయించారు. మోకాళ్లు నొప్పిగా ఉన్నా స్టూలు వేసుకుని పక్కనే కూర్చున్నారు. నేను తప్పు బోల్టు విప్పినప్పుడు లాక్కోకుండా, "మళ్లీ చూడు" అన్నారు. ఇరవై ఏళ్లుగా పిల్లలకి చదువు చెప్తున్నాను, అంత ఓపికగా నేను చెప్పానో లేదో అని రాత్రుళ్లు ఆలోచిస్తున్నాను.

వెనక కుడి చక్రం పైన తుప్పు ఇంకా మిగిలింది. వానలు ముదిరేలోపు దాని పని పట్టాలి. వైరు బ్రష్షు, రెడ్ ఆక్సైడ్ డబ్బా నా దగ్గరే ఉన్నాయి. ఆదివారం ఆరింటికి మొదలుపెడతాను, మీరు స్టూలు మీద కూర్చుంటే చాలు.