ఆరో వీధి మూలన కూడా ఆగండి

సంపాదకులకు,

అమెరికా స్వాతంత్ర్యానికి 250 ఏళ్లు నిండుతున్న సందర్భంగా మీ ఆదివారం సంచికలో ఫిలడెల్ఫియా మీద వేసిన యాత్రా వ్యాసం చదివాను. లిబర్టీ బెల్, ఇండిపెండెన్స్ హాల్, మ్యూజియం మెట్ల మీద ఫొటో, చివర్లో చీజ్‌స్టేక్. పిల్లల దగ్గరికి న్యూజెర్సీ వెళ్లిన మనలాంటి తల్లిదండ్రులకు చూపించేవి కూడా ఇవే. లిబర్టీ బెల్ భవనం తలుపు పక్కనే ఉన్న స్థలం గురించి మాత్రం వ్యాసంలో ఒక్క ముక్క లేదు. ఈ ఏడాది కోర్టుకెక్కిన గొడవ దాని మీదే.

మార్కెట్ స్ట్రీట్, ఆరో వీధి కలిసే మూల అది. ఫిలడెల్ఫియా దేశ రాజధానిగా ఉన్న రోజుల్లో అధ్యక్షుడి నివాసం అక్కడే. 1790 నుంచి 1797 దాకా జార్జ్ వాషింగ్టన్, తర్వాత 1800 దాకా జాన్ ఆడమ్స్ ఉన్నారు. 1832లో ఇంటిని చాలావరకు కూల్చేశారు. మిగిలిన గోడలు 1951లో పార్కు కోసం పోయాయి. కొన్నాళ్లు ఆ జాగాలో పబ్లిక్ టాయిలెట్ కూడా ఉండేది! 2007లో తవ్వితే పునాదులు బయటపడ్డాయి. ఇప్పుడు వాటిని అద్దం కింద చూడొచ్చు. వాషింగ్టన్ అతిథుల్ని పలకరించిన గదికి అర్ధచంద్రాకారంలో కట్టించిన పెద్ద కిటికీ తాలూకు రాళ్లు ఒకవైపు, కాస్త దూరంలోనే వంటగది పునాది. ఆ వంటగదిలో వండిన హెర్క్యులిస్ బానిస.

ఆయనతో కలిపి తొమ్మిదిమంది బానిసలు ఆ ఇంట్లో పనిచేశారు. బయటి రాష్ట్రాలవాళ్లు తెచ్చుకున్న బానిసలు వరుసగా ఆరు నెలలు ఉంటే స్వేచ్ఛ పొందవచ్చని పెన్సిల్వేనియా 1780లోనే చట్టం చేసింది. అందుకని గడువు నిండకముందే వాళ్లను రాష్ట్రం దాటించి మళ్లీ తీసుకొచ్చేవారు. అసలు కారణం వాళ్లకు గానీ జనానికి గానీ తెలియకుండా ఏదో ఒక సాకు చెప్పమని 1791లో వాషింగ్టన్ తన కార్యదర్శికి రాసిన ఉత్తరం ఇప్పటికీ ఉంది. మార్తా వాషింగ్టన్‌కు సేవలు చేసే ఓనీ జడ్జ్ అనే యువతి 1796 మేలో, దొరలు భోజనానికి కూర్చున్న వేళ బయటపడి న్యూహాంప్‌షైర్ చేరింది. వెనక్కి రప్పించడానికి వాషింగ్టన్ మనుషుల్ని పంపినా ఆమె లొంగలేదు. 1848లో చనిపోయేదాకా చట్టం లెక్కలో ఆమె పారిపోయిన బానిసే.

ఈ కథంతా చెప్పే ఫలకాలతో 2010లో అక్కడ ప్రదర్శన ఏర్పాటైంది. ఊరివాళ్లు ఏళ్ల తరబడి పట్టుబడితేనే అది వచ్చింది. గత అమెరికన్లను కించపరిచే రాతలు ప్రభుత్వ స్థలాల్లో ఉండకూడదంటూ 2025 మార్చిలో వైట్‌హౌస్ నుంచి వచ్చిన ఒక ఉత్తర్వును పట్టుకుని, 2026 జనవరిలో కేంద్ర ప్రభుత్వ పార్కుల శాఖ అయిన నేషనల్ పార్క్ సర్వీస్ సిబ్బంది ఆ ఫలకాల్ని ఊడదీశారు. ఒప్పందం చేసుకుని ఇద్దరం కలిసి కట్టినదాన్ని మీరొక్కరే ఎలా మారుస్తారంటూ ఫిలడెల్ఫియా నగర ప్రభుత్వం కోర్టుకు వెళ్లింది. తిరిగి పెట్టమని ఫిబ్రవరిలో ఫెడరల్ జడ్జి ఆదేశించారు. ఎవరి పాలన వస్తే వాళ్లకు నచ్చినట్టు ఫలకాలు మార్చుకుంటూ పోతే రేపు ఇంకొకరు వాషింగ్టన్ పేరే తీసేస్తామనవచ్చు. అప్పుడు ఏ మొహం పెట్టుకుని అడ్డుపడతారు?

పండగ పూట ఈ గొడవలెందుకని కొందరనొచ్చు. కానీ ఫిలడెల్ఫియాకు కళ తెచ్చిందే ఈ అలవాటు. లేనిదాన్ని లేదని చెప్పడం, జరిగినదాన్ని జరిగిందని రాయడం ఆ ఊరికి తెలుసు. స్వాతంత్ర్య నాయకుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఇల్లు 1812లోనే పోయింది. 1976లో దాని జాగాలో నకిలీ ఇల్లు కట్టకుండా, ఇంటి ఆకారంలో ఉత్త స్టీలు చట్రం నిలబెట్టారు. ఎంత బాగుందో! జెఫర్సన్ స్వాతంత్ర్య ప్రకటన రాసిన ఇల్లు 1883లో కూలిస్తే 1975లో అచ్చం అలాగే మళ్లీ కట్టారు. అది నాకు అంతగా నచ్చలేదు. వీధుల్లో కనిపించే నీలం, పసుపు రంగుల రాష్ట్ర ప్రభుత్వ బోర్డులు చూడండి. బానిసత్వ వ్యతిరేకులు కట్టుకున్న పెన్సిల్వేనియా హాల్‌ను 1838లో తెరిచిన మూడు రోజులకే అల్లరిమూక తగలబెట్టిందని ఒక బోర్డు చెబుతుంది. 1985 మే 13న పోలీసులు హెలికాప్టర్ నుంచి ఇంటి మీద బాంబు వేస్తే ఐదుగురు పిల్లలతో సహా 11 మంది చనిపోయారు, 61 ఇళ్లు కాలిపోయాయి. అది జరిగిన ఓసేజ్ అవెన్యూ దగ్గర 2017లో బోర్డు పెట్టించింది ఒక చిన్న బడి పిల్లలు. వాళ్లే అర్జీ పెట్టుకున్నారు.

జులై 4 ప్రత్యేక సంచికలో ఎలాగూ ఫిలడెల్ఫియా గురించి మళ్లీ రాస్తారు. అప్పుడైనా ఆరో వీధి మూలనున్న ఈ ఇంటికి నాలుగు వాక్యాలు ఇవ్వండి. అక్కడ గోడమీద చెక్కిన తొమ్మిది పేర్లూ అచ్చువేయండి: ఆస్టిన్, పారిస్, హెర్క్యులిస్, రిచ్‌మండ్, ఓనీ జడ్జ్, మోల్, గైల్స్, జో, క్రిస్టఫర్ షీల్స్. ఆరుబయటే ఉంటుంది, టికెట్ అక్కర్లేదు. లిబర్టీ బెల్ క్యూలో నిలబడే ముందు పావుగంట చాలు.

ఇట్లు,
ఒక పాఠకురాలు, గుంటూరు