డేటా డైజెస్ట్ సెట్టింగ్ ఉండాల్సిందే

సంపాదకులకు,

ఆసుపత్రి స్కాన్లయినా బ్యాంకు ఖాతాలయినా, పెద్ద సంస్థల్లో డేటా సర్వర్లో కాకుండా విడిగా స్టోరేజీ పెట్టెలో ఉంటుంది. రెండింటినీ నెట్‌వర్క్ మీద కలిపే పద్ధతుల్లో ఐస్కజీ (iSCSI) ఒకటి. దాని లినక్స్ డ్రైవర్‌లో ‘డేటా డైజెస్ట్’ అనే సెట్టింగ్ ఉంది. ఆన్ చేస్తే పంపేవైపు డేటా వెంట 4 బైట్ల సీఆర్‌సీ-32సీ లెక్క (డేటా మారిందో లేదో తేల్చే సంఖ్య) వెళ్తుంది, అందుకున్నవైపు మళ్లీ లెక్కగట్టి పోల్చుకుంటుంది. మామూలుగా ఇది ఆఫ్‌లో ఉంటుంది. నెట్‌వర్క్‌లో డేటాను మోసే టీసీపీకి సొంత చెక్‌సమ్ (తనిఖీ మొత్తం) ఉండగా ఇదెందుకు, తీసేయండి అనేవాళ్లున్నారు.

టీసీపీ చెక్‌సమ్ ఉత్త 16 బిట్ల కూడిక. 12, 30 కలిపినా 30, 12 కలిపినా 42 వచ్చినట్టే, రెండు 16 బిట్ల ముక్కలు తారుమారైనా మొత్తం మారదు. ఈథర్‌నెట్ సీఆర్‌సీ గట్టిదే గానీ దాని కాపలా ఒక్క కేబుల్ పొడవుకే. రౌటర్ ప్రతి ప్యాకెట్‌కూ కొత్త సీఆర్‌సీ వేసి పంపుతుంది. దాని మెమరీలో బిట్ చెడితే, చెడిన డేటాకే మంచి ముద్ర పడుతుంది.

పోనీ, ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచి సెట్టింగ్ తీసేద్దామా? అదీ కుదరదు. సీఆర్‌సీ కోసం ప్రత్యేక ఇన్‌స్ట్రక్షన్ లేని పాత ప్రాసెసర్ల మీద భారం పడుతుంది. అంతకంటే చిక్కు మరొకటుంది: పేజీ క్యాష్‌ను (ఆపరేటింగ్ సిస్టమ్ మెమరీలో ఉంచే డేటా నకలును) తప్పించి నేరుగా రాసే ప్రోగ్రామ్, డేటా దారిలో ఉండగానే బఫర్‌ను (ఆ డేటా ఉన్న మెమరీ భాగాన్ని) మారిస్తే లెక్క తప్పుతుంది. కేబుల్‌లో లోపం లేకపోయినా సెషన్ (సర్వర్‌కూ స్టోరేజీ పెట్టెకూ మధ్య కనెక్షన్) తెగి, మళ్లీ లాగిన్ అవుతుంది. నెట్‌వర్క్ ప్యాకెట్లకు రక్షణ కల్పించే ఐపీసెక్ వాడేచోట దానికే సొంత తనిఖీ ఉంది, ఇది రెండో ఖర్చు.

లాగ్‌లో డైజెస్ట్ ఎర్రర్ కనబడగానే చాలామంది చేసేది ఆఫ్ చేయడం. థర్మామీటర్ పగలగొడితే జ్వరం తగ్గదు కదా! ఎర్రర్ ఒక్క సర్వర్‌కే వస్తుంటే ముందు దాని కేబుల్, ఎస్‌ఎఫ్‌పీ (కేబుల్‌ను పోర్టుకు కలిపే మాడ్యూల్), నెట్‌వర్క్ కార్డు మార్చి, కార్డులో సెగ్మెంటేషన్ ఆఫ్‌లోడ్ (డేటాను ప్యాకెట్లుగా విడగొట్టే పనిని కార్డుకే అప్పగించడం) ఆపి చూడాలి. అన్ని సర్వర్లకూ వస్తుంటే స్విచ్‌నో స్టోరేజీ పెట్టెనో అనుమానించాలి.

ఆన్ చేసేటప్పుడు ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. ఐస్కజీ సెట్టింగ్‌లుండే ఐఎస్‌సీఎస్‌ఐడీ కాన్ఫ్ (iscsid.conf) ఫైలు మార్చినంత మాత్రాన ముందే నమోదైన టార్గెట్లకు (స్టోరేజీ వైపు కొసలకు) అది వర్తించదు. ఆ టార్గెట్ గురించి సర్వర్ దాచుకున్న నోడ్ రికార్డులోనూ మార్చి, లాగౌట్ చేసి మళ్లీ లాగిన్ కావాలి. విలువను ‘సీఆర్‌సీ32సీ, నన్’ (ముందు తనిఖీ, కుదరకపోతే ఏదీ వద్దు) అని వరుసగా ఇస్తే, అవతలి పెట్టె ఒప్పుకోకపోయినా కనెక్షన్ ఆగదు. కానీ తనిఖీ లేకుండానే నడుస్తుంది, ఎవరూ చెప్పరు. కాబట్టి సెషన్ వివరాలను iscsiadm కమాండ్‌తో ప్రింట్ స్థాయి 2లో చూసి, ఏది కుదిరిందో రూఢి చేసుకోవాలి.

డిస్క్‌లో పాడైన డేటాను ఇది పట్టుకోదు, దానికి వేరే ఏర్పాట్లున్నాయి. లినక్స్ పంపిణీదారులు ఈ సెట్టింగ్‌ను ఉంచి, మామూలు విలువను మాత్రం ‘సీఆర్‌సీ32సీ, నన్’కు మార్చాలి. ‘నన్’ దగ్గర ఆగిన ప్రతి సెషన్‌కూ లాగ్‌లో ఒక హెచ్చరిక పడేలా చూడాలి.

– స్టోరేజీ నిర్వాహకులు, హైదరాబాద్