మన మంచినీళ్ళ బోరు జమా ఖర్చులు: రెండుసార్లు తవ్విన సంగతితో సహా

ఊళ్ళో ఉన్న అందరికీ, ఊరు వదిలి వెళ్ళినా డబ్బు పంపిన వాళ్ళకీ నీటి కమిటీ తరఫున నమస్కారం. ఈ లెక్క ఉగాదికే చెప్పాల్సింది. మోటారు బిల్లు ఒకటి చేతికి రాక ఆలస్యమైంది. ఈలోగా రామాలయం అరుగు మీద లెక్క మాకంటే ముందే తేలిపోయింది: "ఏడు లక్షలు బోరులో పోశారంట, అందులో లక్ష ఒక్క జల్లెడకేనంట." రెండూ దాదాపు నిజమే. అందుకే అంకెలు అతికించి ఊరుకోకుండా కాస్త వివరంగా రాస్తున్నాం.

ముందు జమ. ఇంటికి 1,500 చొప్పున 212 ఇళ్ళ నుంచి 3,18,000 రూపాయలు వచ్చాయి. ఊళ్ళో మొత్తం 236 ఇళ్ళు. మిగిలిన 24 ఇళ్ళలో తొమ్మిదింటిని మేమే అడగలేదు, ఆ ఇళ్ళేవో చెప్పం. పదిహేను ఇళ్ళవాళ్ళు "నీళ్ళు పడ్డాక చూద్దాంలే" అన్నారు. నీళ్ళు పడ్డాయి. హైదరాబాదు, బెంగళూరు, చెన్నై, కువైట్‌లలో ఉన్న మనవాళ్ళు 31 మంది కలిసి 2,45,000 పంపారు. శ్రీరామనవమి ఉత్సవాల మిగులు 22,500, పాత పైపులు, కాలిపోయిన మోటారు తుక్కుకు అమ్మితే 14,300, బ్యాంకు వడ్డీ 2,160.

ఇవి కాక రొయ్యల గుంటల రైతులు నలుగురు లక్ష రూపాయలు ఇచ్చారు. ఇది తీసుకోవాలా వద్దా అని కమిటీలో రెండు రాత్రులు గొడవ జరిగింది. నీళ్ళు ఉప్పెక్కడానికి ఆ గుంటలే కారణమని కొందరి కోపం. తీసుకున్నాం, రసీదు ఇచ్చాం. డబ్బు ఇచ్చారు కాబట్టి గుంటల గురించి మాట్లాడకూడదన్న షరతు వాళ్ళు పెట్టలేదు, మేం ఒప్పుకోలేదు కూడా. జమ మొత్తం 7,01,960.

నిజానికి తప్పంతా గుంటలదే అనడం కూడా సరికాదు. మన తాతల కాలంలో ఇరవై, ఇరవై అయిదు అడుగుల ఫిల్టరు పాయింటు (చిన్న గొట్టపు బావి) వేస్తే కొబ్బరినీళ్ళలాంటి నీళ్ళు వచ్చేవి. సముద్రం పక్కన ఇసుక నేలల్లో వాన నీళ్ళు తేలిక కాబట్టి ఉప్పునీళ్ళ మీద తేలుతూ ఉంటాయి. పైన మంచినీటి మట్టం ఒక అడుగు దిగితే కింద ఉప్పునీళ్ళు నలభై అడుగుల దాకా పైకి ఎక్కే వీలుందని లెక్క. ఇంటికో మోటారు పెట్టి తోడింది మనమే. ఉప్పునీళ్ళ బకింగ్‌హాం కాలువకు ఇంత దగ్గర్లో ఉండి మట్టం దించుకుంటే ఏమవుతుందో అదే అయింది.

అందుకని పైపొరలు వదిలేసి లోతుకు పోదామనుకున్నాం. ఆలోచన మంచిదే, చేసిన తీరు బాగోలేదు. మొదటి బోరు నిరుడు వేసవిలో 215 అడుగులు వేయించాం. తవ్వకానికి 55,900, పైపులకూ, నీళ్ళు దూరేందుకు వాటికి గాట్లు కోయించినందుకూ 61,400, చుట్టూ పోసిన కంకర చిప్స్‌కు 4,200. ఆ గాట్లు బజార్లో కటింగ్ మిషన్‌తో కోయించినవి. కొన్ని రెండు మిల్లీమీటర్లు, కొన్ని మూడు. అప్పుడు మాకది పెద్ద విషయంగా తోచలేదు. చవగ్గా అయిపోయిందని సంతోషించాం కూడా.

రెండు నెలలు నీళ్ళు బాగున్నాయి. మూడో నెలలో బిందె అడుగున ఇసుక పేరుకోవడం మొదలైంది. పడమటి వీధిలో ఒకావిడ తెల్ల పింగాణీ ప్లేటులో నీళ్ళు పోసి, తేరిన తర్వాత ఒంచేసి, ప్లేటు తెచ్చి మా ముందు పెట్టింది. వేలితో గీస్తే గీత పడేంత ఇసుక. తర్వాత రుచి మారింది, టీ విరిగినట్టయ్యేది. లీటరు నీళ్ళలో ఎన్ని మిల్లీగ్రాముల లవణాలు కరిగి ఉన్నాయో చెప్పే టీడీఎస్ మీటరు పెడితే మొదట్లో 700 ఉన్నది 2,600 చూపించింది. తాగునీటికి 500 లోపు ఉండటం మంచిదని, వేరే దిక్కు లేకపోతే 2,000 దాకా సర్దుకోవచ్చని ప్రమాణం. మోటారులో నీళ్ళు తోసే రెక్కలు (ఇంపెల్లర్లు) ఇసుక దెబ్బకు అరిగిపోయాయి. రెండుసార్లు రిపేరు, 17,800. మొదటి బోరు మీద మొత్తం 1,39,300 పోయింది. ఈ నష్టం కమిటీదే. ఎవరి మీదకూ నెట్టడం లేదు.

ఇక్కడ చాలామంది అడిగిన ప్రశ్న: "పాకర్ పెడితే ఉప్పు ఆగిపోతుందని చెప్పి 21,500 ఖర్చు పెట్టారు, ఆగిందా?" ఆగలేదు. కానీ ఆ డబ్బు దండగ కాలేదు. పాకర్ అంటే చూడటానికి లావుపాటి రబ్బరు తొడుగు వేసిన మూడడుగుల ఇనుప గొట్టం. బోరులోకి దించి సన్న గొట్టంతో గాలి కొడితే రబ్బరు ఉబ్బి పైపు గోడకు బిగుసుకుంటుంది. కింద నీళ్ళ బరువును మించి గాలి కొట్టాలి కాబట్టి కంప్రెసరు కావాలి. మా కుర్రాడొకడు లారీ ట్యూబుతో చేసేద్దాం అన్నాడు, వద్దన్నాం. దాన్ని గాట్ల పైపు మధ్యలో, గాట్లు లేని జాయింటు దగ్గర, 193 అడుగుల్లో బిగించారు. ఇక పై సగం నీళ్ళు వేరు, కింది సగం వేరు.

పై సగం తోడితే టీడీఎస్ 3,100. కింది సగం తోడితే 900. అందరం ఈలలు వేశాం, అయిపోయింది, పై సగం మూసేస్తే చాలని. గంట గడిచేసరికి ఆ 900 కాస్తా 1,700 అయింది. వచ్చిన టెక్నీషియన్ తల అడ్డంగా ఊపాడు. పాకర్ పైపు లోపల దారి మూస్తుంది, పైపు వెనక దారి మూయలేదు. పైపుకీ మట్టికీ మధ్య నేల దాకా మనం పోసిన చిప్స్ ఉన్నాయి కదా, పైనున్న ఉప్పు ఇసుక పొర నుంచి నీళ్ళు వాటి సందుల్లోంచి జారుకుంటూ కిందికి వస్తున్నాయి. మధ్యలో బంకమట్టి పొర దేవుడు అడ్డంగా పరిచి పెడితే, దాన్ని చీల్చి ఉప్పునీళ్ళకు మెట్లు కట్టించి ఇచ్చింది మనం. ఇది తెలియకపోయి ఉంటే రెండో బోరు కూడా అలాగే పాడయ్యేది.

ఇంకో పద్దు మీద కూడా గుసగుసలు విన్నాం: పాత బోరు పూడ్చడానికి 24,600. పాడైపోయిన దానికి మళ్ళీ ఖర్చెందుకు, మూత వేసి వదిలేస్తే పోయేది కదా అని. వదిలేస్తే అది రాత్రింబవళ్ళు ఉప్పునీళ్ళను మంచినీటి పొరలోకి దించుతూనే ఉంటుంది. కొత్త బోరు అరవై గజాల దూరంలోనే. అందుకని సిమెంటు పైపు వెనక్కి కూడా చేరేలా పైపును కొన్నిచోట్ల లోపలే చిల్లులు పొడిపించి, అడుగు దాకా గొట్టం దించి కింది నుంచి పైకి సిమెంటు పాలు ఎక్కించారు. పైనుంచి పోస్తే నీళ్ళలో విడిపోయి సందులు మిగులుతాయట.

ఇక రెండో బోరు. ఈసారి రోటరీ రిగ్గుతో 12 అంగుళాల వెడల్పున 220 అడుగులు, అడుగు 450 చొప్పున 99,000. పది అడుగులకోసారి తీసిన మట్టిని పాలిథిన్ సంచుల్లో పోసి, లోతు రాసి, స్కూలు వరండాలో వరసగా పెట్టించాం. పిల్లలు రెండు సంచులు తారుమారు చేశారు గానీ మాస్టారు రంగు చూసి సర్దారు. పైపు దించకముందే ఎలక్ట్రికల్ లాగింగ్ చేయించాం, 12,000. కరెంటును అడ్డుకునే గుణం ఏ లోతులో ఎంతుందో అది గీత గీసి చూపిస్తుంది. ఉప్పునీళ్ళున్న చోటా, బంకమట్టి ఉన్న చోటా గీత పడిపోతుంది. ఏది ఏదో మట్టి సంచులతో పోల్చి తేల్చారు. 35 అడుగుల దాకా ఇసుక, 90 దాకా బంకమట్టి, 130 దాకా ఉప్పు ఇసుక, 172 దాకా మళ్ళీ బంకమట్టి, అక్కడి నుంచి 214 దాకా ముతక ఇసుక, మంచినీళ్ళు.

ఆ ఇసుకను జల్లెళ్ళలో పోయించి రేణువు సైజు తీయించాం, 2,400. సగటున 0.4 మిల్లీమీటర్లు. చుట్టూ పోసే గులకరాయి దానికి నాలుగు నుంచి ఆరు రెట్లు ఉండాలి. అంటే ఒకటిన్నర నుంచి రెండున్నర మిల్లీమీటర్లు. ఆ గులకను ఆపేలా, నీళ్ళు దూరే ఫిల్టరు పైపు సందు ఒక మిల్లీమీటరు. ఈ లెక్క మీటింగులో చెబుతుంటే ఎవరికీ ఎక్కలేదు. పట్టపుపాలెం నుంచి వచ్చిన పెద్దాయన ఒక్క మాటలో తేల్చాడు: "వల కన్ను చేపను చూసి అల్లతారు గానీ, వలను చూసి చేప వస్తదా అబ్బయ్యా?" మొదటి బోరులో మేం చేసింది సరిగ్గా అదే. 0.4 ఇసుకకు మూడు మిల్లీమీటర్ల కన్ను.

లక్ష రూపాయల జల్లెడ సంగతి. అది 40 అడుగుల స్టెయిన్‌లెస్ స్టీలు ఫిల్టరు పైపు, అడుగు 2,600 చొప్పున 1,04,000. నిలువు కడ్డీల చుట్టూ తీగ చుట్టి, తగిలిన ప్రతిచోటా వెల్డింగ్ చేసి తయారుచేస్తారు. తీగ గుండ్రంగా ఉండదు, సమోసాలా మూడు మూలలుంటుంది, వెడల్పు వైపు బయటికి. సందు బయట ఇరుకు, లోపల వెడల్పు. అందువల్ల అంచు దాటిన ఇసుక రేణువు మధ్యలో ఇరుక్కోకుండా లోపలికి పడిపోతుంది, సందు పూడుకుపోదు. గాట్లు కోసిన ప్లాస్టిక్ పైపులో నీళ్ళు దూరే చోటు నూటికి అయిదు నుంచి పది వంతులైతే, ఇందులో పాతిక దాటుతుంది. నీళ్ళు మెల్లగా వస్తే ఇసుకను ఈడ్చుకురావు, సున్నం కూడా తక్కువ కడుతుంది.

కంపెనీలో కోసిన సన్న గాట్ల పీవీసీ ఫిల్టరు పైపు ఇందులో నాలుగో వంతు ధరకే వస్తుందని, అదీ తుప్పు పట్టదని కమిటీలో ఇద్దరు గట్టిగా వాదించారు. వాళ్ళ మాట తప్పు కాదు. ఒక రైతు సొంత పొలానికైతే మేమూ అదే చెబుతాం. కానీ పదేళ్ళకో పదిహేనేళ్ళకో సున్నం కట్టినప్పుడు యాసిడ్ పోసి, బ్రష్షు దించి, కంప్రెసరుతో కొట్టి కడగాలి. ఆ దెబ్బలు స్టీలు తట్టుకున్నట్టు ప్లాస్టిక్ తట్టుకోదని మా నమ్మకం. ఓటు పెడితే ఏడుగురు స్టీలుకు, నలుగురు పీవీసీకి. మంచినీటి పొరలోనే ఉంటుంది కాబట్టి 304 రకం స్టీలు తీసుకున్నాం, ఉప్పుకు ఇంకా ఓర్చే 316 ధర మన వల్ల కాదు. దుకాణంలో కోశాధికారి జేబులోంచి అయస్కాంతం తీసి పెట్టి చూశాడు. దానితో రకం తెలియదని పక్కన తుక్కు కొట్టు అతను నవ్వి, తన దగ్గరి మందు చుక్క వేసి చూపించాడు. రంగు మారలేదు. మారితే అది చవక రకం, 202 అట.

మిగతావి త్వరగా. మామూలు ప్లాస్టిక్ పైపు 180 అడుగులు, అడుగు 420, 75,600. పైపు గోతి మధ్యలో నిలబడేందుకు సెంట్రలైజర్లు, అడుగు మూత కలిపి 5,800. పెన్నా నదిలో దొరికే గుండ్రటి గులక, జల్లించి కడిగించి, రవాణాతో 11,200. ఇందులో జల్లించిన ఆడవాళ్ళ కూలి 3,600కు బిల్లు లేదు, పుస్తకంలో సంతకాలు, వేలిముద్రలు ఉన్నాయి. గులక 165 అడుగుల దగ్గర ఆపేశాం, నేల దాకా పోయలేదు. ఆ పైన పదిహేను అడుగులు బెంటొనైట్, 9,000. అది నీళ్ళు తాగితే ఉబ్బి సందు మూసేసే మట్టి. బంకమట్టి పొరకు మనం వేసిన మాటు అనుకోండి. దాని మీద నేల దాకా సిమెంటు: 60 బస్తాలు 21,600, పంపు అద్దె, కూలి 8,500. సిమెంటు గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది, ప్లాస్టిక్ పైపు మెత్తబడి నలిగిపోయే ప్రమాదం ఉంది. అందుకని పైపు నిండా నీళ్ళుంచి మూడు విడతలుగా రెండు రోజులు ఎక్కించారు. "రెండు రోజులు కూలి ఎందుకిచ్చారు" అన్నవాళ్ళకు జవాబు ఇదే.

కంప్రెసరు ఫ్లషింగ్, అంటే గాలి కొట్టి బోరు కడగడం, 18 గంటలు, గంటకు 1,500, 27,000. ఆరో గంటకే నీళ్ళు తేటగా వచ్చాయి, ఆపేయమన్నారు. ఆపి పది నిమిషాలు ఉంచి మళ్ళీ కొడితే బురద. అలా ఆపుతూ కొడుతూ, ఆపి కొట్టినా స్టీలు గిన్నె అడుగున రేణువు కనపడని దాకా చేయించాం. పంపింగు పరీక్ష, నీళ్ళ పరీక్ష 6,900. రెండో బోరు మొత్తం 3,83,000. టీడీఎస్ మొదటి రోజు 640, మూడు నెలల తర్వాత 660.

అయిదు హెచ్.పి. మోటారు, కేబులు, ప్యానెల్ 62,500, ట్యాంకు దాకా పైపులు 31,700. పనివాళ్ళ భోజనాలు, టీలు, ప్రయాణాలు 9,860. పూజకు 1,116.

మొత్తం ఖర్చు 6,73,576. నిల్వ 28,384, అందులో బ్యాంకులో 27,150, కోశాధికారి చేతిలో 1,234.

తేలనిది ఒకటుంది. మొదటి బోరు వేసిన రిగ్గు అతను ఇంకా 8,000 రావాలంటున్నాడు. బోరు చెడిపోయింది కదా అంటే, "చిప్స్ పైదాకా పోయమన్నది మీరే" అంటాడు. ఆ మాట నిజమే, అన్నది మేమే. ఇవ్వాలా వద్దా అన్నది ఊరి మీటింగులో పెడతాం.

నీళ్ళు, నేల, చెట్ల రక్షణకు వచ్చిన వాల్టా చట్టం ప్రకారం ఊరి తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపు అనుమతి లేకుండా కొత్త బోరు వేయకూడదు. ఆ చుట్టుపక్కల ఎవరైనా వేసే ఆలోచనలో ఉంటే రిగ్గు రాకముందే మాతో మాట్లాడండి. మోటారు పొద్దున నాలుగు గంటలు, సాయంత్రం రెండు గంటలు మాత్రమే నడుస్తుంది. పెళ్ళి అయినా, పండగైనా అంతే.

బిల్లులు, రసీదు పుస్తకాలు, లాగింగ్ కాగితం, ఆ మట్టి సంచులు అన్నీ వచ్చే ఆదివారం దాకా స్కూలు వరండాలో ఉంటాయి. చూసుకోండి. ఆ పదిహేను ఇళ్ళవాళ్ళు వస్తే రసీదు పుస్తకం కూడా అక్కడే ఉంటుంది.

— నీటి కమిటీ కార్యదర్శి