సిచువాన్ అని బోర్డు పెట్టి రంగు వడ్డించొద్దు

సంపాదకులు గారికి నమస్కారం.

అనంతపురం నుంచి రాస్తున్నాను. 18 ఏళ్లు ఈ ఊళ్లో మెస్ నడిపి, మోకాళ్లు సహకరించక మూడేళ్ల కిందట మూసేసినదాన్ని. ఎండాకాలం పొయ్యి ముందు నిలబడేవాళ్ల కష్టం నాకు తెలుసు కాబట్టి ఇంకొకరి వంటకు వంక పెట్టడం నాకు ఇష్టం ఉండదు. కానీ పోయిన నెల జరిగింది చూశాక ఊరుకోలేకపోతున్నాను.

మా పెళ్లిరోజని ఊళ్లో కొత్తగా తెరిచిన ఒక చైనీస్ రెస్టారెంట్‌కి వెళ్లాం. మా ఆయన, నేను, కొడుకు, కోడలు, ఆరేళ్ల మనవడు. బయట బోర్డు మీద 'అసలైన సిచువాన్ రుచులు' అని ఉంది, సిచువాన్ అంటే చైనాలో కారానికి పేరుపడ్డ ఒక రాష్ట్రం. సోయా పాలను విరగ్గొట్టి చేసే టోఫుతో వండే కూర మాపో టోఫు, అది అడిగితే పనీర్ ముక్కలు వచ్చాయి. వాటి చుట్టూ కార్న్‌ఫ్లోర్‌తో చిక్కబడిన ఎర్రటి గ్రేవీ, అందులో సగం టమాటా సాస్. చికెన్ కూడా అదే గ్రేవీలో, నూడుల్స్ కూడా అదే గ్రేవీలో. వడ్డించే పిల్లాడిని పిలిచి "బాబూ, సిచువాన్ మిరియాలు వేశారా ఇందులో?" అని అడిగితే లోపలికి పోయి మిరియాల పొడి డబ్బా తెచ్చి పెట్టాడు. ఆ పిల్లాడిని నేనేమీ అనను, వాడికి ఎవరూ చెప్పలేదు.

బిల్లు 1,860 రూపాయలైంది, కట్టేశాం, అదీ వదిలేద్దాం. మా మనవడు మాత్రం చికెన్ ముక్కలు చేత్తో పట్టుకుని తిన్నాడు. ఇంటికొచ్చి సబ్బుతో రెండుసార్లు కడిగించాను. వేళ్ల మీద పోయింది గానీ గోళ్ల అంచుల్లో గులాబీ రంగు అలాగే ఉండిపోయింది. పొద్దున బడికి పంపేటప్పుడు మళ్లీ చెయ్యి పట్టుకుని చూశాను, ఇంకా ఉంది. మిరపకాయ రంగు అలా అంటుకోదు. అది నూనెలో కరిగే రంగు, నీళ్లలో దిగదు, సబ్బు రుద్దితే నూనెతో పాటే పోతుంది. ఏళ్ల తరబడి రోజూ కారం పట్టిన చేతులు నావి, ఆ మాత్రం నేను చెప్పగలను. ఆరేళ్ల పిల్లాడి కడుపులోకి ఏం పోయిందోనని రెండు రోజులు నాకు టెన్షన్.

అసలు సిచువాన్ మిరియాల సంగతి నాకెలా తెలుసంటే, మా కూతురు బెంగళూరులో ఉద్యోగం చేస్తుంది, పోయినేడు దానింటికి వెళ్లినప్పుడు "మా, నీకో కొత్త కారం తినిపిస్తా రా" అని ఒక సిచువాన్ హోటల్‌కి తీసుకుపోయింది. రాయలసీమ మనిషికి కొత్త కారమేముంటుంది అనుకుంటూనే వెళ్లాను. పొద్దున ఎర్రకారం దోశతో మొదలుపెట్టి రాత్రి సంగటి, నాటుకోడి పులుసుతో ముగించేవాళ్లం మనం.

మొదట మాపో టోఫు తెచ్చారు. చిన్న మట్టి గిన్నెలో ఇంకా కుతకుతమంటోంది. పైన ఎర్రటి నూనె తేలింది, కింద టోఫు జున్నులా తెల్లగా, గరిట తగిలితే విరిగేంత మెత్తగా ఉంది. ఒక్క ముద్ద నోట్లో పెట్టుకున్నాను. మిరప కారం మనకు తెలిసిన కారమే, ఘాటు ఎక్కువేమీ లేదు. మరో రెండు నిమిషాలకు పెదవులు జుమ్మంటూ మొదలుపెట్టాయి. నాలుక చివర చీమలు పాకినట్టు, కాలు తిమ్మిరెక్కి వదిలేటప్పుడు ఉంటుందే, అలా. నీళ్లు తాగితే నీళ్లే పుల్లగా అనిపించాయి. భయపడి కూతురి మొహం చూస్తే అది నవ్వుతోంది. "ఇదే మా, మాలా అంటారు. మా అంటే తిమ్మిరి, లా అంటే కారం" అంది. నాలుగో ముద్దకు ఆ తిమ్మిరి లేకపోతే ఏదో లోటనిపించింది.

ఆ తిమ్మిరి తెచ్చేవే సిచువాన్ మిరియాలు. పేరుకే మిరియాలు గానీ అవి మిరియాల జాతే కాదు, నిమ్మ, నారింజల కుటుంబంలోని చెట్టుకు కాస్తాయి. లోపలి నల్ల గింజ పారేసి పైన విచ్చుకున్న ఎర్రటి తొక్క మాత్రమే వాడతారు, నలిపి వాసన చూస్తే నిమ్మతొక్క గుర్తొస్తుంది. అందులో సాన్షూల్ అనే పదార్థం ఉంటుందట. లండన్‌లో శాస్త్రవేత్తలు మనుషుల పెదవులకు ఆ మిరియాలు రాసి పరీక్షిస్తే ఆ జుమ్మనడం సెకనుకు దాదాపు 50 సార్లు కొట్టుకునే అదురులా అనిపించిందని 2013లో ప్రచురించారు. మంట వేరు, అదురు వేరు. మంటనిచ్చే మిరపకాయ అమెరికా ఖండం నుంచి 16వ శతాబ్దంలో ఓడలెక్కి మనకూ చైనాకూ వచ్చింది. ఈ మిరియాలు మాత్రం అంతకు ముందు వందల ఏళ్ల నుంచీ అక్కడివే. సిచువాన్ మబ్బు, తేమ ఎక్కువుండే ప్రాంతం, ఒంట్లో చెమ్మ పోవాలంటే కారం తినాలని అక్కడి పెద్దలు నమ్ముతారు. మనదేమో ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్పనుకునే సీమ. తేమలో వాళ్లూ ఎండలో మనమూ ఒకే మిరపకాయను పట్టుకున్నాం చూడండి.

మన దేశంలోనూ ఆ సిచువాన్ మిరియాలకు బంధువు ఉంది. కొంకణం వైపు చేపల కూరలో వేసే తెప్పళ్ అదే. మా పక్కింట్లో ఉండే రిటైర్డ్ బాటనీ సారు చెప్పేదాకా నాకు తెలియని విషయం ఇంకొకటి ఉంది. ఆ చెట్టు శాస్త్రీయ నామంలో 'రెట్స' అనే మాట మన తెలుగు రచ్చమాను నుంచే వెళ్లిందట. కొండల్లో జనం ఆ చెట్టు నీడన కూర్చుని తగవులు తీర్చుకునేవాళ్లని మన దేశపు మొక్కల గురించి పుస్తకాలు రాసిన రాక్స్‌బర్గ్ దొర రాశాడట. ఆ రోజంతా ఆ మాటే నా మనసులో తిరిగింది. మన మాటే పేరుగా ఉన్న చెట్టుకు చుట్టమైన కాయ, మన ఊరి సిచువాన్ హోటల్ వంటగదిలో లేదు.

బెంగళూరు హోటల్‌లో మాపో టోఫు తర్వాత వచ్చింది గోంగ్‌బావో చికెన్. ఎండుమిరపకాయలు, కోడిముక్కలు, ఉల్లికాడలు, వాటి మధ్య నిండుగా వేయించిన చెనిక్కాయ గింజలు. 19వ శతాబ్దంలో సిచువాన్‌ను పాలించిన డింగ్ బావోజెన్ అనే అధికారి బిరుదు మీదుగా ఆ పేరు వచ్చిందంటారు. అనంతపురం మనిషినై ఉండి బెంగళూరులో కూర్చుని, చైనా వంటలో చెనిక్కాయలు ఏరుకుని తింటుంటే నాకు గొంతులో ఏదో అడ్డం పడినట్టయింది. మా నాయన జీవితాంతం పండించింది ఆ పంటే. వానలు రాని ఏడు అప్పులు, వచ్చిన ఏడు ధర లేదు. మన ఇళ్లల్లో అది ఊరుబిండికీ నూనెకీ పోతుంది. ఒక దేశం తన పేరున్న వంటలో దాన్ని నడిమధ్య కూర్చోబెట్టిందని మా నాయనకు తెలిస్తే ఎంత సంతోషించేవాడో.

మాపో టోఫు కథ కూడా ఆ రోజు మా పాపే చెప్పింది. 1860లలో చెంగ్డూ ఊళ్లో వంతెన దగ్గర చెన్ అనే ఆయన భార్య చిన్న పూటకూళ్ల కొట్టు నడిపేదట. నూనె మోసే కూలీలు ఆగి, తమ దగ్గరున్న నూనె, కాస్త మాంసం ఇచ్చి వండిపెట్టమనేవాళ్లట. ఆవిడ ముఖం మీద మశూచి మచ్చలు ఉండేవి, అందుకే జనం ఆ కూరను మచ్చల అవ్వ టోఫు అన్నారు, మాపో అంటే అదే. ఆవిడ సొంత పేరు ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు, వంట మాత్రం ప్రపంచమంతా తిరుగుతోంది. ఆటోవాళ్లకూ హమాలీలకూ అన్నం పెట్టిన మనిషిని నేను, ఆవిడ నాకు పరాయిదిలా అనిపించలేదు. ఆవిడ కూర పేరు పెట్టి పనీరూ కెచప్పూ పెడితే నాకు అంత కోపం అందుకే వచ్చింది. చైనాలో అందులో గొడ్డుమాంసం కైమా వేస్తారు, బెంగళూరు హోటల్‌లో అడిగితే మాకు కోడి కైమాతో చేసిచ్చారు. అడగకముందే మెనూలో ఆ సంగతి రాసి ఉంది కూడా, శనివారం నీచు ముట్టనివాళ్లకూ చెనిక్కాయ పడనివాళ్లకూ గుర్తులు వేరేగా పెట్టారు.

ఇంకో మాట. ఆ కూరకు ప్రాణం పోసేది దోబాన్‌జ్యాంగ్ అనే ముద్ద. చెంగ్డూ పక్కనే పీషియాన్‌లో చేసేది బాగా పేరున్నది. చిక్కుడు జాతి పెద్ద గింజలు, మిరపకాయలు, ఉప్పు కలిపి జాడీల్లో పులియబెడతారు, ఎండకు మూత తీసి తిప్పుతారు, వాన వస్తే మూస్తారు, ఇలా ఏడాది, ఇంకా పైన. మన ఆవకాయ జాడీ దగ్గర కూర్చున్న ఏ ఇల్లాలికైనా ఈ పని అర్థమవుతుంది. ఆ ఎరుపు కాలం పెట్టి తెచ్చుకున్న ఎరుపు, డబ్బాలోంచి చిటికెడు వేస్తే వచ్చేది కాదు.

బండి మీద గోబీ మంచూరియా, షెజ్వాన్ ఫ్రైడ్ రైస్ అమ్మేవాళ్ల మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు, అది మన దేశంలోనే పుట్టిన చైనీస్. చికెన్ మంచూరియన్‌ను ముంబైలో నెల్సన్ వాంగ్ 1975లో చేశాడని చెబుతారు. అదీ రుచే, నేనూ తింటాను. ఇండో చైనీస్ అని రాసి అమ్మితే ఎవరికి నష్టం? కానీ ఏసీ పెట్టి, 'అసలైన' అని రాసి, ధర మూడింతలు చేసి అదే సాస్ పోయడం మాత్రం తినేవాళ్లను మోసం చెయ్యడమే.

రంగు విషయంలో అసలు క్షమించేది లేదు. పక్కనున్న కర్ణాటకలో గోబీ మంచూరియాలో, పీచుమిఠాయిలో కృత్రిమ రంగులు వాడకూడదని 2024 మార్చిలో ప్రభుత్వం నిషేధించింది, అక్కడి శాంపిళ్లలో రోడమిన్-బీ కూడా దొరికింది, అది తిండిలో వాడటానికి అనుమతే లేని రంగు. మన జిల్లాలో కూడా ఆహార భద్రత అధికారులు హోటళ్లకూ బండ్లకూ వెళ్లి శాంపిళ్లు తీసి, ఫలితాలు మీ పత్రికలో అందరికీ కనబడేలా వేయించాలని అడుగుతున్నాను. హోటల్ వాళ్లకు నేను చెప్పేది ఒకటే, ఎరుపు కావాలంటే బ్యాడిగి మిరపకాయలు తెచ్చుకోండి. ఘాటు తక్కువ, రంగు బాగా ఉంటుంది. తొడిమలు, గింజలు తీసి అరగంట వేడినీళ్లలో నానబెట్టి, మెత్తగా రుబ్బి, నూనె పైకి తేలేదాకా సన్నమంట మీద వేయించండి. నా మెస్‌లో కోడికూరకు ఎన్నో ఏళ్లు అలాగే చేశాను, ఒక్క చిటికెడు రంగు కొనలేదు. ఖర్చు కొంచెం ఎక్కువే, కాదనను. మెనూలో తెలుగులో నాలుగు మాటలు రాయండి, ఇది తిమ్మిరెక్కించే వంట, ఇందులో చెనిక్కాయ ఉంది, ఇందులో కైమా ఉంది అని. మా అనంతపురం జనం కారానికి భయపడే రకం కాదు, ఏముందో తెలిస్తే ధైర్యంగా తింటారు.

మొన్న మా పాప ఆ మిరియాలు చిన్న పొట్లం పంపింది. నూనె లేకుండా బాణలిలో వాసన వచ్చేదాకా వేయించి, నలిపి, చెనిక్కాయల ఊరుబిండిలో అర చెంచా కలిపి సంగటితో పెట్టాను. మా ఆయన మాట్లాడకుండా రెండు ముద్దలు తిని, పెదవులు తడుముకుని "ఏమే, ఏం కలిపినావు దీంట్లో? రేపు గూడా చెయ్" అన్నాడు. పొట్లంలో ఇంకా సగం ఉంది. ఊళ్లో ఎవరైనా హోటల్ మాస్టర్ దీంతో నిజంగా వండి చూస్తానంటే ఆ సగం ఇచ్చేస్తాను, బ్యాడిగి ముద్ద ఎలా చెయ్యాలో పక్కన నిలబడి చూపిస్తాను కూడా.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
అనంతపురం.