చెట్లున్నా ఖాళీ అవుతున్న అడవి

సంపాదకుడికి,

అయ్యా,

వర్షారణ్యాల మీద వార్త వచ్చినప్పుడల్లా ఎన్ని ఎకరాలు నరికారన్న లెక్కే కనిపిస్తుంది. చెట్లు నిలబడే ఉండి, లోపల జంతువులు మాత్రం మాయమవుతున్న అడవుల గురించి రాసేవాళ్లు తక్కువ.

బోర్నియో, సుమత్రా దీవుల్లో ఉండే హెల్మెటెడ్ హార్న్‌బిల్ సంగతే చూడండి. ఆడపక్షి పెద్ద చెట్టు తొర్రలో దూరి, ముక్కు పట్టేంత సందు వదిలి ద్వారం మూసేసుకుంటుంది. నెలల తరబడి మగపక్షి ఆ సందులోంచే తిండి అందిస్తుంది. వేటగాడు దాన్ని కొట్టేస్తే లోపల తల్లికీ పిల్లకీ ఆకలే. ఇంత ఘోరం దేనికంటే, ముక్కు మీది గట్టి బుడిపెతో బొమ్మలు చెక్కి అమ్ముకోవడానికి! 2015లో ప్రకృతి పరిరక్షణకు పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ ఈ పక్షిని అత్యంత ప్రమాదంలో ఉన్న జాతుల్లో చేర్చింది.

అదే దీవుల్లో ఉండే ఒరాంగుటాన్ అనే పెద్ద వానరంలో తల్లి ఏడెనిమిదేళ్లకోసారి గానీ బిడ్డను కనదు. కాబట్టి ఏటా కొన్ని పోయినా ఆ లోటు పూడదు. 2017లో కొత్త జాతిగా గుర్తించిన తపనూలి ఒరాంగుటాన్లు మొత్తం 800 లోపే.

అలాగని, అడవులు కొట్టి తోటలు వేస్తున్నారు కాబట్టి పామాయిల్ పూర్తిగా మానేయాలనడం నాకు తెలివైన పనిగా అనిపించదు. ఎకరాకు అంత నూనె ఇచ్చే పంట మరొకటి లేదు. వేరే నూనెకు మారితే ఇంకా ఎక్కువ నేల కావాలి. అడవి కొట్టి వేసిన తోటదా, పాత తోటదా అన్నది ప్యాకెట్ మీద ఉంటే కొనేవాళ్లే తేల్చుకుంటారు. సబ్బులు, బిస్కెట్లు చేసే కంపెనీలను మీ విలేకరులు ఈ ఒక్క ప్రశ్న అడిగి, జవాబులు అచ్చు వేయగలరా?

ఇట్లు,
ఒక పాఠకుడు