కుందేలు బొమ్మ దాకా తోయకు బిడ్డా

బిడ్డా,

నిన్న ఫోన్లో "బాపూ, గడ్డి తీసే మిషన్ గుంజుకపోతుంది, రెక్కలు పడిపోతున్నయి" అన్నావు. ఏం చెప్పాలో అప్పుడు తోచలేదు. పక్కన మీ అమ్మ "అల్లుణ్ని పట్టమను, దానికెందుకు" అని ఒకటే పోరు. అల్లుడు జడ్చర్లలో డ్యూటీకి పోతే చేన్లో గడ్డి ఆగుతుందా? అందుకే అన్నం తిని కూర్చొని రాస్తున్నా.

మిషన్ గుంజుకపోయేది నీ రెక్కల్లో బలం లేక కాదు. బ్లేడ్లు మట్టిలోకి దిగితే తవ్వుతాయి, దిగకపోతే చక్రాల లెక్క ఉరుకుతాయి. ఎండిన చెల్క మీద పై గేరు వేసి రేస్ పెంచావంటే అది ముందుకు, నువ్వు వెనక్కి. ఆ కొట్లాటలో ఎవరు గెలిచినా పత్తి మొక్కే పోతుంది.

నీది కూడా మన దానిలాంటి 7 హెచ్.పి. పెట్రోలు వీడరే అన్నావు కదా, ముందుకు రెండు గేర్లు, వెనక్కి ఒకటి. స్పీడు అంటే అందులో రెండు సంగతులున్నాయి, గేరు వేరు, రేస్ వేరు. కింది గేరులో బ్లేడ్లు మెల్లగా తిరుగుతాయి కానీ బలంగా తిరుగుతాయి. శ్రీశైలం పోయినప్పుడు డ్యాం దగ్గర నుంచి ఘాట్ ఎక్కే బస్సును చూశావుగా, అదే లెక్క. రేస్ కడ్డీ దగ్గర ఒక పక్క తాబేలు, ఇంకో పక్క కుందేలు బొమ్మ ఉంటాయి. కొత్తగా పట్టినవాళ్లందరూ కుందేలు దాకా తోస్తారు. నేనూ తోశాను.

మిషన్ తెచ్చిన మొదటి ఏడు, ఎండాకాలం చివర, వాన ఇంకా పడలేదు. బత్తాయి తోటలో పై గేరు, ఫుల్ రేస్. గంటలో ఎకరం అయిపోవాలని నా తొందర. ఒక గుండ్రాయికి తగిలి ఎగిరి పక్కకు పడింది. చెట్టు మొదట్లో జానెడు బెరడు లేచిపోయింది, డ్రిప్ పైపు బ్లేడ్లకు చుట్టుకొని ముక్కలైంది. మీ అమ్మ ఒక్క మాట అనలేదు. ఆ ముక్కలన్నీ ఏరి గంపలో వేసి వాకిట్లో నా కళ్ల ముందు పెట్టింది. తిట్టినా బాగుండేది. మరుసటి ఏడు ఆ చెట్టు గాయం దగ్గర బంక కారింది. గీకి మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో పేస్టు పూశాను, బతికింది కానీ కాపు తగ్గింది. బత్తాయికి తిండి తెచ్చే సన్న వేర్లు పైపైనే ఉంటాయి, అక్కడ లోతు తవ్వడమే తప్పని ఆ తర్వాత తెలిసింది.

ఇక నీ చేను. మృగశిరలో పెట్టిన పత్తి కాబట్టి ఇప్పుడు దున్నే పని లేదు, గడ్డి తీసే పనే. ముందు పిడికెడు మట్టి తీసి గట్టిగా పిసుకు. ముద్దయి, కింద వేస్తే పగిలితే పదును ఉన్నట్టు. చేతికి అంటితే ఆ రోజు మిషన్ తీయకు, పెళ్లలు లేస్తాయి. రాయిలా ఉంటే వాన దాకా ఆగు. పదునుంటే కింది గేరు, రేస్ సగం. ఇంజన్ చప్పుడు విను. మూలిగితే లోతు ఎక్కువైనట్టు, లోతు తగ్గించు. అప్పటికీ మూలిగితేనే రేస్ కొంచెం పెంచు.

లోతు ఎక్కువ తక్కువ చేసేది మిషన్ వెనక ఉండే కడ్డీతో. కడ్డీ కిందికి దించితే మట్టిలో గుచ్చుకొని మిషన్‌ను ఆపి పట్టుకుంటుంది, బ్లేడ్లు దిగుతాయి. పైకి లేపితే ముందుకు పోతుంది. నీ మిషన్ గుంజుకపోయేది సగం దీనివల్లే కావచ్చు, ఏ రంధ్రంలో బోల్టు పెట్టారో చూడు. చేతులతో అదిమి లోతు తేవాలని చూస్తే మాత్రం రెక్కలు పోతాయి. నేల గట్టిగా ఉంటే ఒకసారి పైపైన తోలి, రెండోసారి కాస్త లోతుగా తోలు.

పై గేరు ఎప్పుడంటే, ఒకసారి తవ్విన మట్టిని మెత్తగా చెయ్యడానికి, అదీ మొక్కల్లేని మడిలో. అక్కడా అతి వద్దు. మన ఎర్ర చెల్కను పిండి చేస్తే వాన పడ్డాక పైన పెచ్చు కడుతుంది, మొలక పైకి రాదు.

మీ సాళ్లు 90 సెంటీమీటర్లు, అంటే మూడడుగులు. బ్లేడ్ల వెడల్పూ అంతే ఉంటే రెండు చివర్ల బ్లేడ్లు విప్పెయ్, రెండడుగులు చాలు. మొదళ్ల దగ్గర మిగిలిన గడ్డి చేత్తో తీయాల్సిందే, దానికి మిషన్ లేదు.

క్లచ్ పట్టుకొని వేళ్లు నొప్పి పుడుతున్నాయని ఇక్కడ కొందరు దాన్ని ట్యూబు ముక్కతో కట్టేస్తారు. నువ్వు ఆ పని చెయ్యకు. కాలు జారినా చెయ్యి వదలగానే బ్లేడ్లు ఆగేది ఆ క్లచ్ వల్లే. వెనక గేరు వేసేముందు రేస్ తాబేలు దాకా తగ్గించి వెనక్కి చూడు. ఒడ్డుకో చెట్టుకో ఆనుకున్నావంటే తప్పుకునే దారి ఉండదు. చున్నీ నడుముకు బిగించు. గరక బ్లేడ్లకు తాడులా చుట్టుకుంటుంది, అప్పుడు ఇంజన్ పూర్తిగా బంద్ చేసి ప్లగ్గు వైరు పీకి కొడవలితో కోసెయ్. క్లచ్ వదిలాం కదా అని నడుస్తుండగా చెయ్యి పెట్టకు.

మీ అత్తమ్మను అడిగినట్టు చెప్పు. ఆదివారం పొద్దుటి బస్సుకు వస్తా, రెండు సాళ్లు నేను తోలి చూపిస్తా, తర్వాత నువ్వే పట్టాలి. బ్లేడు బోల్టులు విప్పడానికి మీ దగ్గర పానా ఉందో లేదో చూసి ఫోన్ చెయ్యి, లేకపోతే మనది తెస్తా. మీ అమ్మ కూడా వస్తానంటుంది, నీ చేతులు ఎట్లున్నాయో చూస్తుందట.

మీ బాపు